ఘాతక్, స్విఫ్ట్: పైలట్ లేని జెట్ యుద్ధవిమానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మానవరహిత జెట్ యుద్ధవిమానాన్ని మన దేశంలోనే రూపొందించే ప్రయత్నం ఎంతవరకు వచ్చింది, అందులో ఏ చిక్కుముడి విడిపోయింది, ఏది ఇంకా విడలేదు అన్న విషయాలపై ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇంజనీరింగ్ చదవని పాఠకులను దృష్టిలో పెట్టుకొని రాసినవి కనుక సూత్రాలు, సమీకరణాల జోలికి పెద్దగా పోలేదు.

స్విఫ్ట్, ఘాతక్ రెండూ ఒకటేనా?

కావు. వార్తల్లో రెండింటినీ కలిపి చెప్పడం అలవాటైపోయింది గానీ వాటి మధ్య చాలా దూరం ఉంది. ఆయుధాలను పొట్టలో దాచుకొని, శత్రువు రాడార్లకు చిక్కకుండా వెళ్లి, దాడి చేసి తిరిగి రావడానికి ఉద్దేశించిన పెద్ద విమానం ఘాతక్. మొదట్లో దీన్ని ‘ఆరా’ అనేవారు. ఆ విమానం ఇంకా గాలిలోకి లేవలేదు. దానికి అవసరమైన కీలక విద్యలను ముందుగా చిన్న పరిమాణంలో ఎగరేసి చూడటానికి డీఆర్‌డీఓకు చెందిన బెంగళూరు ప్రయోగశాల ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ తయారు చేసిన పరీక్షా విమానం స్విఫ్ట్. దీని బరువు సుమారు ఒక టన్ను, దీన్ని నడిపేది టర్బోఫ్యాన్ అనే రకానికి చెందిన ఒక చిన్న జెట్ ఇంజిన్. ఇది 2022 జులై 1న కర్ణాటకలోని చిత్రదుర్గ ఏరోనాటికల్ టెస్ట్ రేంజ్‌లో మొదటిసారి ఎగిరింది. రన్‌వే మీద పరుగెత్తి లేవడం, ముందుగా నిర్ణయించిన బిందువుల మీదుగా ప్రయాణించడం, తిరిగి దిగడం అన్నీ మనిషి చేయి పడకుండానే జరిగాయి.

స్విఫ్ట్ ఆయుధం మోయదు, యుద్ధానికీ వెళ్లదు. దాన్ని యుద్ధవిమానం అనడం సరికాదు. యుద్ధవిమానం తయారు చేయగలమా లేదా అన్నది తేల్చి చెప్పే సాధనం మాత్రమే అది.

ఇప్పటికే సైన్యాల దగ్గర సాయుధ డ్రోన్లు ఉన్నాయి కదా, ఇందులో కొత్తేముంది?

ఇప్పుడు వాడుకలో ఉన్న సాయుధ డ్రోన్లలో ఎక్కువ భాగం పొడవాటి సన్నని రెక్కలతో, ప్రొపెల్లరు తోపుడుతో, నెమ్మదిగా గంటల తరబడి ఒకే ప్రాంతం మీద తిరిగే రకం. ఎదుటివాడి దగ్గర రాడార్లు, క్షిపణులు లేనంత వరకే వాటి ఆటలు సాగుతాయి. గట్టి గగనతల రక్షణ ఉన్న చోటికి వెళ్లాలంటే జెట్ వేగమూ, రాడార్‌కు కనిపించని ఆకారమూ రెండూ కావాలి. ఈ రెండూ తోడైతే విమానం రూపమే మారిపోతుంది, తయారీ కష్టం పదింతలవుతుంది.

అసలు విమానానికి తోక ఎందుకు తీసేశారు?

రాడార్ కోసం. రాడార్ పంపిన తరంగం విమానాన్ని తాకి, వచ్చిన దారినే వెనక్కి వెళితేనే విమానం ఉన్నట్టు తెలుస్తుంది. నిటారుగా నిలబడే తోక, దాని అడుగున రెక్కతో కలిసి ఏర్పడే మూల, తరంగాన్ని పక్క దిక్కుల నుంచి నేరుగా వెనక్కి పంపడంలో సిద్ధహస్తులు. తోకను, విడి మొండాన్ని తీసేసి విమానం మొత్తాన్ని ఒకే రెక్కగా మలిస్తే ఆ దారులు మూసుకుపోతాయి. రెక్క ముందంచులను, వెనకంచులను కొద్ది దిశలకే సమాంతరంగా ఉండేలా గీస్తే, తప్పనిసరిగా వెనక్కి వెళ్లే తరంగాలు కూడా ఆ కొన్ని దిశల్లోనే వెళతాయి, మిగతా దిశల్లో ఉన్న రాడార్లకు దాదాపు ఏమీ అందదు.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. రాడార్ ఒక వస్తువును ఎంత దూరం నుంచి పట్టగలదన్నది ఆ వస్తువు రాడార్ పరిమాణానికి నాలుగో మూలం మీద ఆధారపడుతుంది. అంటే విమానం రాడార్‌కు కనిపించే పరిమాణాన్ని 16వ వంతుకు తగ్గిస్తే గుర్తించే దూరం సగమవుతుంది; పదో వంతుకు తేవాలంటే ఆ పరిమాణాన్ని 10,000వ వంతుకు తగ్గించాలి. కొద్దిపాటి శ్రమతో కొద్దిపాటి లాభం కూడా రాదన్నమాట. అందుకే స్టెల్త్ విమానంలో, అంటే రాడార్‌కు చిక్కకుండా మలిచిన విమానంలో, ఏ మూలా వదలరు. ఇంజిన్ ముందుభాగంలో తిరిగే ఫ్యాన్ రెక్కలు రాడార్‌కు పెద్ద అద్దాల్లాంటివి కనుక గాలి లోపలికి వెళ్లే గొట్టాన్ని పాములా వంకర తిప్పి వాటిని కనబడకుండా చేస్తారు. అయితే ఆ వంపుల్లో గాలి చెదిరి, ఫ్యాన్ ముఖం మీద ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఒత్తిడితో పడితే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక చోట దాపరికం సంపాదిస్తే మరో చోట దానికి మూల్యం చెల్లించక తప్పదు.

తోక లేని విమానం అదుపులో ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే స్విఫ్ట్ పుట్టింది. మామూలు విమానంలో ముక్కు పక్కకు తిరిగితే నిలువు తోక గాలి ఒత్తిడికి దాన్ని మళ్లీ సరైన దిశకు తెస్తుంది. తోక లేని రెక్కకు ఆ సహజ గుణం చాలా బలహీనం. ముక్కు పైకి కిందికి ఊగడాన్ని అదుపు చేసే విషయంలోనూ ఇబ్బందే. నియంత్రణ పలకలన్నీ రెక్క వెనకంచునే ఉండటం వల్ల గురుత్వ కేంద్రానికి వాటి దూరం తక్కువ, కాబట్టి వాటి పట్టు కూడా తక్కువ. వెనక్కి వాలిన రెక్కల చివర్లలో గాలి ముందుగా పట్టు తప్పితే ముక్కు ఒక్కసారిగా పైకి లేచిపోతుంది.

అమెరికాలో నార్త్రాప్ సంస్థ 1940లలోనే ఎగిరే రెక్కలను నిర్మించింది. 1947 అక్టోబరులో తొలిసారి ఎగిరిన వైబీ-49 జెట్ బాంబర్‌కు నాలుగు చిన్న నిలువు పలకలు పెట్టినా దిశ నిలకడగా ఉండేది కాదు, బాంబు వేయడానికి గురి చూసే వేళ పక్కలకు ఊగేది. 1948 జూన్ 5న ఒక వైబీ-49 గాలిలోనే విరిగి కూలి అందులోని ఐదుగురూ చనిపోయారు. వారిలో ఒకరైన కెప్టెన్ గ్లెన్ ఎడ్వర్డ్స్ పేరునే తర్వాత ఆ పరీక్షా స్థావరానికి పెట్టారు. అదే ఆకారం నలభై ఏళ్ల తర్వాత, 1989 జులై 17న, బీ-2 బాంబర్‌గా విజయవంతంగా ఎగిరింది. మధ్యలో వచ్చిన మార్పు కంప్యూటర్. పైలట్ గుర్తించేలోపే తేడాను పసిగట్టి, సెకనుకు పదుల సార్లు పలకలను సవరించే ఫ్లై-బై-వైర్ లేకపోతే ఈ రెక్క విశ్వసనీయంగా ఎగరదు.

పక్కకు తిప్పడానికి సాధారణంగా వాడే ఉపాయం వినడానికి విచిత్రంగా ఉంటుంది. రెక్క చివరి పలకను పైకీ కిందికీ రెండుగా చీల్చి తెరుస్తారు. ఆ వైపు గాలి నిరోధం పెరిగి విమానం అటు తిరుగుతుంది. అంటే తిరగాలనుకున్న ప్రతిసారీ ఒక పక్క బ్రేకు వేయాలి. పైగా అలా తెరిచిన పలక రాడార్‌కు కనిపిస్తుంది కాబట్టి ప్రమాదకరమైన చోట్ల దాన్ని వీలైనంత తక్కువగా వాడాలి. ఈ పరిమితులన్నిటి మధ్య నియంత్రణ సూత్రాలు రాయడం కాగితం మీద పూర్తయ్యే పని కాదు.

2023 డిసెంబరు 15న జరిగిన పరీక్షకు అంత ప్రాధాన్యం ఎందుకు?

2022 జులైలో మొదటిసారి ఎగిరిన తర్వాత, తామే నిర్మించుకున్న రెండు నమూనాలతో వివిధ రూపాల్లో ఆరు పరీక్షలు జరిపి, ఏడోసారి తుది రూపమైన తోక లేని ఆకృతిలో విమానాన్ని ఎగరేసినట్టు డీఆర్‌డీఓ ఆ రోజు ప్రకటించింది. ఎగిరే రెక్కను అదుపు చేయగల కొద్ది దేశాల సరసన భారత్ చేరిందన్నది ఆ ప్రకటనలో అందరూ పట్టుకున్న వాక్యం. నా దృష్టిలో అంతకంటే విలువైనది విమానం దిగిన తీరు.

నేల మీద రాడార్ గానీ, దారి చూపే ప్రత్యేక పరికరాలు గానీ, జాయ్‌స్టిక్ పట్టుకున్న పైలట్ గానీ లేకుండా, కేవలం రన్‌వే అక్షాంశ రేఖాంశాలు కచ్చితంగా తెలిస్తే చాలు, ఏ రన్‌వే మీదైనా దిగగలిగే పద్ధతిని ఇందులో చూపించారు. జీపీఎస్ ఒక్కటే ఉంటే కొన్ని మీటర్ల తేడా వస్తుంది. పక్కలకు రెండు మూడు మీటర్లు తేడా వచ్చినా సర్దుకోవచ్చు గానీ ఎత్తులో అంత తేడా వస్తే విమానం నేలకు గుద్దుకుంటుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున మన దేశం మీది అయనోస్ఫియర్‌లో, అంటే విద్యుదావేశం ఉన్న పై వాతావరణ పొరలో, అలజడి ఎక్కువ; జీపీఎస్ సంకేతాలు దాని గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతాయి. ఆ తప్పును నేల మీది కేంద్రాల్లో కొలిచి, సవరణలను జీశాట్ ఉపగ్రహాల ద్వారా ప్రసారం చేసే వ్యవస్థే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నెలకొల్పిన గగన్. పౌర విమానాల కోసం కట్టిన ఆ వ్యవస్థ రిసీవర్లను స్విఫ్ట్‌లో అమర్చి, వాటి సమాచారాన్ని విమానంలోని ఇతర సెన్సర్ల సమాచారంతో కలిపి వాడుకున్నారు.

నేల మీద కూర్చున్న పైలటే రిమోట్‌తో దించవచ్చు కదా?

దగ్గరలో ఉంటే దించవచ్చు. దూరంగా ఉంటే కాలం అడ్డొస్తుంది. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది; విమానం పంపిన దృశ్యం ఉపగ్రహం మీదుగా నేలకు చేరి, పైలట్ ఆదేశం అదే దారిలో తిరిగి వెళ్లడానికి కాంతి వేగంతోనే దాదాపు అర సెకను పడుతుంది. సెకనుకు 60 మీటర్ల వేగంతో దిగుతున్న విమానం ఈలోగా 30 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. ప్రిడేటర్ డ్రోన్లను వేల కిలోమీటర్ల దూరం నుంచి నడిపిన అమెరికా కూడా ఎగరేయడానికి, దించడానికి వేరే బృందాన్ని స్థావరం దగ్గరే ఉంచింది ఇందుకే. ఉపగ్రహం లేకుండా నేరు రేడియో సంబంధం పెట్టుకుంటే భూమి గుండ్రదనం అడ్డుపడుతుంది. విమానం 10,000 మీటర్ల ఎత్తులో ఉంటే 400 కిలోమీటర్ల పైచిలుకు దూరం దాకా సంబంధం ఉంటుంది గానీ, రాడార్‌ను తప్పించుకోవడానికి 500 మీటర్లకు దిగితే అది 100 కిలోమీటర్ల లోపుకు పడిపోతుంది.

పైలట్‌ను తీసేస్తే విమానం బాగా తేలికగా, చవకగా అవుతుందా?

అనుకున్నంత కాదు. ఎజెక్షన్ సీటు, ఆక్సిజన్ ఏర్పాటు, కాక్‌పిట్ అద్దం, తెరలు పోతాయి. అద్దం పోవడం రాడార్ దృష్ట్యా కూడా మేలే. మనిషి శరీరం సుమారు 9 జి వరకే, అంటే తన బరువుకు తొమ్మిది రెట్ల ఒత్తిడి వరకే ఓర్చుకోగలదు కాబట్టి పైలట్ లేని విమానాన్ని అంతకంటే వేగంగా మలుపు తిప్పవచ్చనే మాట తరచుగా వినిపిస్తుంది. అయితే ఆ మలుపుకు రెక్క కూడా తట్టుకోవాలి, రెక్కను బలపరిస్తే బరువు పెరుగుతుంది. దాడి కోసం దొంగచాటుగా వెళ్లే విమానానికి అంతటి మలుపుల అవసరం ఉండదు కనుక ఘాతక్ లాంటి వాటిలో ఈ వాదనకు పెద్దగా చోటు లేదు. పైలట్ చేసే పనిని చేయవలసిన కంప్యూటర్లను, సెన్సర్లను ఒకటి చెడితే మరొకటి అందుకునేలా రెండు మూడు జతలు పెట్టాలి. అసలైన ఆదా రోజువారీ శిక్షణలో ఉంది. పైలట్ నైపుణ్యం తగ్గకుండా ఏటా వందలాది గంటలు ఎగరేయాల్సిన అవసరం ఈ విమానాలకు ఉండదు.

కాగితం మీది బొమ్మ రన్‌వే దాకా రావడానికి ఏయే దశలు దాటాలి?

ఎంత దూరం వెళ్లాలి, ఎంత బరువు మోయాలి, ఎంతసేపు ఉండాలి అన్నవి తేలాక ఆకారం గీసి, కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కగట్టి, తర్వాత చిన్న నమూనాను గాలి సొరంగంలో పెట్టి కొలుస్తారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో 1967 నుంచి పనిచేస్తున్న 1.2 మీటర్ల సొరంగం మన విమానాలకూ రాకెట్లకూ ఇలాంటి పరీక్షలు ఎన్నో చేసిపెట్టింది. ఆ కొలతల ఆధారంగానే నియంత్రణ సాఫ్ట్‌వేర్ రాస్తారు.

తర్వాతి దశ బయటి వారికి కనిపించదు గానీ ఎక్కువ కాలం తినేది అదే. విమానంలో పెట్టబోయే అసలు కంప్యూటర్‌ను, అసలు మోటార్లను ప్రయోగశాలలో బల్ల మీద అమర్చి, మిగతా విమానాన్నీ గాలినీ మరో కంప్యూటర్‌లో సృష్టించి, ఆ రెండింటినీ జోడిస్తారు. ఫ్లైట్ కంప్యూటర్ తాను నిజంగానే ఎగురుతున్నట్టు భావిస్తుంది. అప్పుడు ఒక సెన్సర్‌ను ఆపేస్తారు, పక్కగాలి వీచినట్టు చూపిస్తారు, ఒక పలక ఇరుక్కుపోయినట్టు చేస్తారు. పైలట్ ఉన్న నమూనాలో సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే సరిదిద్దడానికి అనుభవజ్ఞుడైన మనిషి ఒకరుంటారు. ఇక్కడ ఆ మనిషి లేడు కాబట్టి ఎగరడానికి ముందే ఆలోచించి రాయని పరిస్థితి ఏది ఎదురైనా విమానం పోయినట్టే. నేను ఈ కార్యక్రమాన్ని అంచనా వేయాల్సి వస్తే ఎన్నిసార్లు ఎగిరిందని అడగడానికి ముందు ఈ బల్ల మీద ఎన్ని లోపాలు బయటపడ్డాయని అడుగుతాను.

మరోపక్క నిర్మాణం నడుస్తుంది. స్విఫ్ట్ దేహాన్ని దేశంలోనే అభివృద్ధి చేసిన కార్బన్ ప్రీప్రెగ్‌తో, అంటే ముందుగానే రెజిన్ పట్టించిన కార్బన్ నారతో తయారు చేశారు. దేహం లోపలే ఆప్టికల్ ఫైబర్ ఆధారిత పరికరాలను అమర్చి, ఎగిరేటప్పుడు నిర్మాణం ఆరోగ్యాన్ని ఎప్పటికప్పుడు తెలుసుకునే ఏర్పాటు చేశారు. విమాన నిర్మాణాలు సాధారణంగా వాడుకలో ఎదురయ్యే గరిష్ఠ బరువుకు ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి. కంపన పరీక్ష, ఇంజిన్ పరుగు, రన్‌వే మీద నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి పరుగెత్తించడం పూర్తయ్యాకే గాలిలోకి లేపుతారు.

ఘాతక్ ఇంకా ఎగరకపోవడానికి కారణం ఏమిటి?

కారణాలు చాలా ఉండవచ్చు గానీ అన్నిటికంటే పెద్దది ఇంజిన్. బెంగళూరులోని గ్యాస్ టర్బైన్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ తేజస్ యుద్ధవిమానం కోసం రూపొందించడం మొదలుపెట్టిన కావేరి ఇంజిన్‌కు 1989లో అనుమతి వచ్చింది. తేజస్ కోరిన బలాన్ని అది అందుకోలేకపోయింది, చివరికి 2008లో తేజస్ నుంచి దాన్ని వేరు చేశారు. అయినా పని ఆగలేదు. 2010 నవంబరులో రష్యాలోని గ్రోమోవ్ సంస్థలో ఐఎల్-76 విమానానికి అమర్చి దాన్ని గాలిలో పరీక్షించారు. అదనపు ఇంధనాన్ని వెనక మండించే ఆఫ్టర్‌బర్నర్ లేని కావేరి రూపం సుమారు 50 కిలోన్యూటన్ల తోపుడు ఇస్తుంది. ఘాతక్ కోసం అనుకున్నది ఇదే.

తేజస్‌కు లోటైనది ఘాతక్‌కు లోటు కాకపోవడంలో ఒక న్యాయం ఉంది. ధ్వని వేగం దాటనవసరం లేని, దాక్కొని వెళ్లే విమానానికి ఆఫ్టర్‌బర్నర్ అవసరం లేదు, ఉంటే కీడే. దాని మంట పరారుణ సెన్సర్లకు దూరం నుంచే కనిపిస్తుంది, తెరుచుకొని మూసుకునే లోహపు నాజిల్ రాడార్‌కు దొరుకుతుంది.

దిగుమతి చేసుకుంటే పోదా అనే వారికి తేజస్ అనుభవమే జవాబు. తేజస్ మార్క్-1ఏ కోసం 2021లో ఆర్డరిచ్చిన 99 అమెరికా ఎఫ్404 ఇంజిన్లలో మొదటిది మన చేతికి వచ్చింది 2025 మార్చిలో. దాడి చేసే మానవరహిత విమానానికి ఇంజిన్ అమ్మడానికి ఏ దేశమైనా ఇంకా ఎక్కువ షరతులు పెడుతుంది. అందువల్ల కావేరి ఆలస్యమైందని దాన్ని వదిలేయమనే వాదనతో నేను ఏకీభవించను. ఆలస్యానికి జవాబుదారీ అడగడం వేరు, దారి మార్చుకోమనడం వేరు.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో పాత్ర ఉందా?

విమానం బెంగళూరుది, ఎగిరింది చిత్రదుర్గలో. అయితే ఇంజిన్ కష్టమంతా లోహంలో ఉంది, ఆ లోహ విద్యకు కేంద్రం హైదరాబాద్. జెట్ ఇంజిన్ టర్బైన్‌లోకి వచ్చే వాయువుల వేడి అక్కడి బ్లేడ్ల లోహం కరిగే ఉష్ణోగ్రతను కూడా మించగలదు. బ్లేడ్ లోపల సన్నని దారుల గుండా గాలి పంపి చల్లబరచడం, బ్లేడ్ మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోతపోయడం అనే రెండు ఉపాయాలతోనే అది నిలుస్తుంది. హైదరాబాద్‌లోని డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లేబొరేటరీ ఇలాంటి ఏకస్ఫటిక బ్లేడ్లను తయారు చేసి 2021లో 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజిన్ కోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్‌కు ఇచ్చింది. అదే ఏడాది జెట్ ఇంజిన్ కంప్రెసర్ డిస్కులను టైటానియం మిశ్రమంతో, 2,000 టన్నుల ప్రెస్ మీద తయారు చేసే పద్ధతినీ సాధించింది. అదే నగరంలోని మిధాని ప్రత్యేక లోహాలను ఉత్పత్తి చేస్తుంది.

ఆయుధాల సంగతికి వస్తే, హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రిసెర్చ్ సెంటర్ ఇమారత్ రూపొందించిన 125 కిలోల తరగతి రన్‌వే విధ్వంసక ఆయుధం ఇలాంటి విమానం పొట్టలో ఇమిడే కోవకు చెందినదని నా అభిప్రాయం. కర్నూలు జిల్లాలోని నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో 2025 జులైలో డ్రోన్ నుంచి చిన్న క్షిపణిని ప్రయోగించి పరీక్షించారు.

ఆయుధం ప్రయోగించాలన్న నిర్ణయం యంత్రమే తీసుకుంటుందా?

ఎగరడంలో స్వయంప్రతిపత్తి, దాడి చేయడంలో స్వయంప్రతిపత్తి రెండూ వేరు. స్విఫ్ట్ చూపింది మొదటిది మాత్రమే. పోరాటంలో కంప్యూటర్ ఎంతవరకు రాణిస్తుందో చూడటానికి అమెరికా 2023 సెప్టెంబరులో ఎడ్వర్డ్స్ స్థావరం వద్ద కృత్రిమ మేధ నడిపే ఎక్స్-62ఏ విమానాన్ని, మనిషి నడిపే ఎఫ్-16ను ముఖాముఖి తలపడనిచ్చింది. జాగ్రత్త కోసం ఎక్స్-62ఏలో కూడా పైలట్లను కూర్చోబెట్టారు. గాలిలో విన్యాసం చేయగలగడం ఒక ఎత్తు, కింద కనిపిస్తున్నది సైనిక వాహనమో స్కూలు బస్సో తేల్చి మీట నొక్కడం మరో ఎత్తు. అయితే శత్రువు రేడియో సంకేతాలను అడ్డుకుంటే మనిషి అనుమతి విమానానికి అందదు. అప్పుడు దాడి మానుకొని తిరిగి రావాలా, ముందే ఆమోదించిన స్థిర లక్ష్యాన్ని మాత్రం కొట్టాలా అన్నది ఇంజనీర్లకు వదిలేసే ప్రశ్న కాదు.

మధ్యలో సంబంధం తెగిపోతే విమానం ఏమవుతుంది?

నిర్ణీత సమయం వరకు సంకేతం కోసం వేచి చూసి, రాకపోతే ముందే నిర్ణయించిన దారిలో తిరిగి వచ్చి దానంతట అదే దిగేలా ఇలాంటి విమానాలకు ఆదేశాలు పెడతారు. పరీక్షా దశలో విమానం హద్దు దాటే ప్రమాదం వస్తే దాన్ని జనం లేని చోటే కూల్చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. చిత్రదుర్గలో 4,000 ఎకరాలకు పైగా ఖాళీ నేలను పరీక్షలకు కేటాయించడం వెనుక ఇదొక కారణం. యుద్ధరంగంలో ఈ ఏర్పాట్లు విఫలమైతే ఏమవుతుందో 2024 అక్టోబరు 5న ఉక్రెయిన్‌లో కనిపించింది. రష్యాకు చెందిన మానవరహిత జెట్ విమానం ఎస్-70 అఖోత్నిక్‌ను రష్యా సుఖోయ్ యుద్ధవిమానమే కూల్చేసింది, శకలాలు ఉక్రెయిన్ చేతికి చిక్కాయి.

ఇతర దేశాలు ఎక్కడున్నాయి?

అమెరికా ఎక్స్-47బీ 2011లో మొదటిసారి ఎగిరి, 2013 జులైలో విమానవాహక నౌక మీద దానంతట అదే దిగింది, 2015లో గాలిలోనే ఇంధనం నింపుకొంది. అంత సాధించిన విమానాన్ని కూడా అమెరికా నౌకాదళం సేవలోకి తీసుకోలేదు. ఫ్రాన్స్ నాయకత్వంలోని నూరాన్ 2012లో, బ్రిటన్ తరానిస్ 2013లో ఎగిరి, సాంకేతిక ప్రదర్శనలుగానే మిగిలాయి. రష్యా అఖోత్నిక్ 2019లో, తుర్కియే కిజిలెల్మా 2022 డిసెంబరులో తొలిసారి ఎగిరాయి. కిజిలెల్మాకు నిలువు తోకలున్నాయి. అది ఎగిరే రెక్క కాదు, కాబట్టి స్విఫ్ట్‌తో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

హెచ్ఏఎల్ వారి క్యాట్స్ వారియర్ కూడా ఇదే కార్యక్రమంలో భాగమా?

కాదు. అది పైలట్ ఉన్న యుద్ధవిమానానికి తోడుగా ఎగిరే సహాయక విమానం. 2021 ఏరో ఇండియాలో దాని నమూనాను ప్రదర్శించారు, 2025 జనవరిలో నేల మీద ఇంజిన్ నడిపి పరీక్షించారు. పని వేరు, ఆకారం వేరు, తయారు చేసే సంస్థ వేరు.

ఈ రంగంలో పనిచేయాలనుకునే విద్యార్థి ఏం చదవాలి?

ఏరోస్పేస్ ఒక్కటే దారి అనుకోవద్దు. పైన చెప్పినదంతా చూస్తే ఎక్కువ పని నియంత్రణ వ్యవస్థలు, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, నావిగేషన్, లోహశాస్త్రం, కాంపోజిట్ల చుట్టూ తిరుగుతుందని అర్థమవుతుంది. అందువల్ల ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్, మెటలర్జీ చదివిన వారందరికీ చోటుంది. డీఆర్‌డీఓలో ‘సైంటిస్ట్-బి’ ఉద్యోగాలకు గేట్ స్కోరు, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఆధారంగా ఎంపిక జరుగుతుంది. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే ప్రాథమిక సూత్రాల మీద పట్టునే ఎక్కువగా పరీక్షిస్తారు. ఈ రంగంపై ఆసక్తి ఉన్నవారు రెండో సంవత్సరంలోనే కంట్రోల్ సిస్టమ్స్ పాఠాన్ని శ్రద్ధగా చదువుకొని, ఒక చిన్న విమాన నమూనాకైనా సొంతంగా ఆటోపైలట్ రాసి చూడటం మంచిది.